పూచీకత్తు కింద ఏ కాగితం ఉంది? స్వచ్ఛ ఇంధన ప్రాజెక్టులకు ప్రభుత్వ రుణ హామీలు

(ఇంజనీరింగ్, వాణిజ్య శాస్త్ర విద్యార్థులు, విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు నుంచి రాసినది.)

సభకు నమస్కారం. స్వచ్ఛ ఇంధన ప్రాజెక్టులు తీసుకునే అప్పులకు ప్రభుత్వం పూచీ పడటం గురించి మాట్లాడమన్నారు. అంశం కాస్త పొడిగా ఉందని మీ ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. అయితే ఇది చివరికి ఒక్క ప్రశ్న దగ్గరకు వస్తుంది: డబ్బు పోతే ఎవరి డబ్బు పోతుంది? ఆ ప్రశ్నకు ఎవరికైనా ఆసక్తి ఉంటుందనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను.

మీలో చాలామంది చిట్టీ కట్టి ఉంటారు. పాట పాడుకున్నాక కంపెనీ వారు ఏమడుగుతారు? షూరిటీలు అడుగుతారు. ఉద్యోగస్తులైన ఇద్దరో ముగ్గురో వచ్చి సంతకం పెడతారు. పెట్టిన రోజున వారి జేబులోంచి ఒక్క రూపాయి కదలదు. పాడుకున్నవాడు వాయిదాలు ఎగ్గొట్టిన రోజున మాత్రం వీళ్ల జీతంలో కోత పడుతుంది. రుణ హామీ అంటే, ఆ షూరిటీ సంతకం ప్రభుత్వం పెట్టడమే. సౌర విద్యుత్ కేంద్రమో, బ్యాటరీ కర్మాగారమో, అణు కేంద్రమో కట్టే సంస్థకు అప్పు పుట్టడం కష్టమైనప్పుడు, ఆ సంస్థ తీర్చలేకపోతే మేము తీరుస్తామని ఖజానా రాసిస్తుంది. వెంటనే వడ్డీ తగ్గుతుంది, అప్పు పుడుతుంది.

మరి సంతకం పెట్టిన రోజున ప్రభుత్వానికి ఖర్చు లేదా? చాలామంది లేదనే అనుకుంటారు. మన దగ్గర బడ్జెట్ ప్రసంగాల్లో హామీల ఊసు వినిపించేది తక్కువ. వాటి లెక్క ఎక్కడో చివరి అనుబంధాల్లో ఉంటుంది. అమెరికా ఈ విషయంలో ఒక మంచి పని చేసింది. 1990లో ఫెడరల్ క్రెడిట్ రిఫార్మ్ చట్టం తెచ్చి, ప్రభుత్వం ఏ రుణానికి పూచీ పడినా, అది ఎంతవరకు మునిగే అవకాశం ఉందో ఈనాటి విలువలో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని ముందే బడ్జెట్లో ఖర్చుగా చూపించాలని నిర్బంధించింది. వాళ్లు దానిని క్రెడిట్ సబ్సిడీ ఖర్చు అంటారు. వంద డాలర్ల అప్పుకు పూచీ పడితే, అందులో పది డాలర్లు తిరిగి రాకపోవచ్చని అంచనా వేస్తే, ఆ పదీ సంతకం పెట్టిన రోజునే పక్కన పెట్టాలి. ఈ ఒక్క నిబంధన గుర్తుంచుకోండి. తర్వాతి కథలో సగం గొడవలు దీనివల్లే అర్థమవుతాయి.

అమెరికాలో స్వచ్ఛ ఇంధన రుణ హామీల అసలు కార్యక్రమం 2005 ఆగస్టులో జార్జి బుష్ సంతకం చేసిన ఇంధన విధాన చట్టంతో మొదలైంది. దాని 17వ అధ్యాయంలోని 1703 సెక్షను, వాణిజ్యపరంగా ఇంకా నిలదొక్కుకోని కొత్త సాంకేతికతకు ఇంధన శాఖ పూచీ పడవచ్చని చెప్పింది. ప్రాజెక్టు వ్యయంలో 80 శాతం దాకా మాత్రమే, మిగతాది యజమాని సొంతంగా పెట్టుకోవాలని కూడా చెప్పింది. బాగానే ఉంది కదా? కానీ ఆ పక్కన పెట్టవలసిన సొమ్మును అప్పు తీసుకునేవాడే రుసుముగా కట్టాలన్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. తన ప్రాజెక్టు గట్టిదని తెలిసినవాడు అంత రుసుము కట్టి ఎందుకు వస్తాడు? బ్యాంకుకే పోతాడు. తన ప్రాజెక్టు బలహీనమని తెలిసినవాడు ఎంత రుసుమైనా సరే అంటూ వస్తాడు. ఫలితం ఏమిటంటే, 2005 నుంచి 2009 దాకా ఒక్క హామీ కూడా ఖరారు కాలేదు. చట్టం ఉంది, కార్యాలయం ఉంది, దరఖాస్తులు ఉన్నాయి, సంతకం మాత్రం లేదు.

2008 ఆర్థిక సంక్షోభంలో బ్యాంకులు చేతులు ముడుచుకున్నాక, 2009 ఫిబ్రవరిలో ఒబామా ప్రభుత్వం తెచ్చిన ఆర్థిక పునరుద్ధరణ చట్టం 1705 అనే కొత్త సెక్షను చేర్చింది. ఇందులో రుసుము ప్రభుత్వమే భరిస్తుంది. కాకపోతే 2011 సెప్టెంబరు 30 నాటికి పనులు మొదలు కావాలి, ఆ తేదీ దాటితే గడువు ముగిసినట్టే. తొందర ఎక్కడ ఉంటుందో తప్పులూ అక్కడే ఉంటాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా ఆ రెండేళ్లలో సుమారు 1,600 కోట్ల డాలర్ల రుణాలకు సంతకాలు పడ్డాయి. నేను ఇప్పుడు వాటిలోంచి రెండింటిని మాత్రం తీసి మీ ముందు పక్కపక్కన పెడతాను. చట్టం ఒకటే, కార్యాలయం ఒకటే, సూర్యుడూ ఒకడే. ఒకటి మునిగింది, ఒకటి తేలింది. ఎందుకు?

మొదటిది సోలిండ్రా. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ దీని చిరునామా. 2009 సెప్టెంబరులో 53.5 కోట్ల డాలర్ల హామీ దీనికే దక్కింది. కార్యక్రమంలో ఖరారైన మొట్టమొదటి హామీ అదే. వీరు చేసిన వస్తువును కాస్త దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే వారిని వట్టి మోసగాళ్లని తీసిపారేసేవారు ఆ వస్తువును చూసి ఉండరు. మనం ఇళ్ల మీద చూసే పలక లాంటిది కాదు. ట్యూబులైటు లాంటి గాజు గొట్టం. దాని లోపల సిలికాన్ బదులు రాగి, ఇండియం, గాలియం, సెలీనియం కలిసిన పలుచని పొర. ఆ గొట్టాలను వరుసగా, మధ్య సందులు వదిలి, తెల్ల రంగు వేసిన చదును డాబా మీద పేరుస్తారు. పైనుంచి పడే ఎండతో పాటు, సందుల్లోంచి జారి డాబా మీద పడి తిరిగి పైకి తుళ్లే వెలుతురును కూడా గొట్టం అడుగు భాగం పట్టుకుంటుంది. గాలి సందుల్లోంచి పోతుంది కనుక డాబాకు రంధ్రాలు చేసి బిగించే పని లేదు. ఆలోచన తెలివైనది. 2010 మేలో ఒబామా స్వయంగా ఆ కర్మాగారానికి వెళ్లారు.

మరి ఎక్కడ దెబ్బ తగిలింది? వారి లెక్క అంతా, మామూలు సౌర పలకల తయారీకి వాడే పాలీసిలికాన్ అనే ముడిసరుకు ఖరీదుగా ఉంటుందన్న ఊహ మీద నిలబడింది. 2008లో దాని ధర కిలో 400 డాలర్లు దాటింది. ఆ ధర దగ్గర గొట్టం చౌక. 2011 చివరికి ఆ ధర పదోవంతుకు పడిపోయింది; చైనా కర్మాగారాలు పలకలను కుప్పలుగా పోశాయి. ఆ ధర దగ్గర గొట్టం ఖరీదు. వస్తువు పని చేయకపోవడం వల్ల కాదు, దాన్ని అమ్మవలసిన ధరకు కొనేవాడు లేకపోవడం వల్ల కంపెనీ మునిగింది. 2011 ఆగస్టు 31న తలుపులు మూశారు, సుమారు 1,100 మంది రోడ్డున పడ్డారు, సెప్టెంబరు మొదటి వారంలో దివాలా పిటిషను, రెండు రోజుల తర్వాత ఎఫ్‌బీఐ సోదాలు.

అంతకు కొన్ని నెలల ముందు ఇంకొక పని జరిగింది. కంపెనీ కుంటుతోందని తెలిసి రుణాన్ని సవరించారు. కొత్తగా 7.5 కోట్ల డాలర్లు పెట్టిన ప్రైవేటు మదుపరులకు, ఆస్తులు అమ్మవలసి వస్తే ముందు మీకే అని రాసిచ్చారు. అంటే షూరిటీ పెట్టిన ఖజానా వరుసలో వెనక్కి జరిగింది. దీనిమీద అమెరికా కాంగ్రెసులో నెలల తరబడి విచారణ జరిగింది, జరగవలసిందే.

నన్ను అంతకంటే ఎక్కువ ఆకట్టుకున్నది 2015 ఆగస్టులో ఇంధన శాఖలో తనిఖీలు చేసే అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరల్, ఇచ్చిన నివేదిక. సోలిండ్రా అధికారులు తమ అమ్మకపు ఒప్పందాల గురించి ప్రభుత్వానికి తప్పుదోవ పట్టించే సమాచారం ఇచ్చారని అందులో తేల్చారు. విన్నారు కదా, అమ్మకపు ఒప్పందాలు! అది కొత్త గొట్టం గురించిన అబద్ధం కాదు. సరుకు ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అన్న కాగితం గురించిన అబద్ధం. శాఖ పరిశీలన కూడా ఆ చోటే లోతుగా సాగలేదని ఆ నివేదిక చెప్పింది.

ఇప్పుడు రెండోది. అరిజోనా రాష్ట్రం యూమా కౌంటీలోని ఆగ్వా కాలియంటే సౌర కేంద్రం, 290 మెగావాట్లు. దీనికి 96.7 కోట్ల డాలర్ల హామీ ఖరారైంది 2011 ఆగస్టులో. అవును, సోలిండ్రా తలుపులు మూసిన నెలలోనే. అప్పటికి అమెరికాలో వంద మెగావాట్లు దాటిన ఫొటోవోల్టాయిక్ కేంద్రం, అంటే పలకలతో ఎండను నేరుగా కరెంటుగా మార్చే కేంద్రం, పని చేస్తున్నది ఒక్కటీ లేదు. బ్యాంకులు భయపడ్డాయి, భయపడటంలో న్యాయం ఉంది. కానీ ఈ ప్రాజెక్టు చేతిలో ఒక కాగితం ఉంది: కాలిఫోర్నియాకు చెందిన పీజీ అండ్ ఈ అనే విద్యుత్ సంస్థ 25 ఏళ్ల పాటు కరెంటు కొంటానని చేసుకున్న ఒప్పందం. పలకల ధర రేపు సగమైనా, పావలా వంతైనా, ఈ కేంద్రం ఆదాయానికి చిల్లు పడదు. కనుక ప్రభుత్వం మోసిన భయం ఒక్కటే మిగిలింది: ఇంత పెద్దది ఎవరూ కట్టలేదు, కట్టగలరా? కట్టారు. ఇలాంటివి మొత్తం ఐదింటికి హామీ ఇచ్చాక, ఆరోదాని నుంచి బ్యాంకులే ముందుకు వచ్చాయి. ఆ తర్వాతి పెద్ద సౌర కేంద్రాలు ప్రభుత్వ సంతకం లేకుండానే లేచాయి.

పూచీకత్తు చేయవలసిన పని ఇదేనని నా అభిప్రాయం. కొత్తది కట్టగలమా అన్న భయాన్ని ప్రభుత్వం మోయవచ్చు; ఎందుకంటే ఒకసారి కట్టి చూపిస్తే ఆ భయం అందరికీ తీరిపోతుంది. సరుకు అమ్ముడుపోతుందా అన్న భయాన్ని ప్రభుత్వం మోస్తే, ఒక కంపెనీ తరఫున మార్కెట్టుతో పందెం వేసినట్టే.

అయితే అమ్మకపు ఒప్పందం ఉంటే చాలు, నష్టం రాదని అనుకోకండి. నెవడాలో టోనోపా దగ్గర క్రెసెంట్ డ్యూన్స్ అనే 110 మెగావాట్ల కేంద్రానికి 73.7 కోట్ల డాలర్ల హామీ ఇచ్చారు. వేల అద్దాలు ఎండను ఒక ఎత్తైన గోపురం మీదికి మళ్లిస్తాయి, అక్కడ కరిగిన ఉప్పు వేడెక్కుతుంది, ఆ వేడితో రాత్రిపూట కూడా కరెంటు తీయవచ్చు. కొనుగోలు ఒప్పందం ఉంది. కానీ 2016లో వేడి ఉప్పు తొట్టి లీకై నెలల తరబడి ఆగిపోయింది, తిరిగి మొదలైనా చెప్పినంత కరెంటు ఇవ్వలేదు. చివరికి కొనుగోలుదారు ఒప్పందం రద్దు చేసుకున్నారు, 2020లో ప్రాజెక్టు సంస్థ దివాలాకు పోయింది. మిగిలిన 42.5 కోట్ల బాకీలో 20 కోట్లకు ప్రభుత్వం సర్దుకుంది. ఇది కూడా నష్టమే. కానీ ఈ కార్యక్రమం ఏ నష్టం కోసం పుట్టిందో ఆ రకం నష్టం. దీన్నీ సోలిండ్రానూ ఒకే పద్దులో రాయడం నాకు సరిగా తోచదు.

మరి మొత్తం మీద ఎంత పోయింది? 2014 నవంబరులో ఇంధన శాఖ తన లెక్క చెప్పింది. 3,420 కోట్ల డాలర్ల రుణాలు, హామీల మీద నష్టం 78 కోట్లు. అప్పటికి వచ్చిన వడ్డీ 81 కోట్లు. వెంటనే పత్రికలు కార్యక్రమం లాభాల్లో ఉందని రాశాయి. ఇక్కడ కామర్సు చదివిన పిల్లలున్నారు, మీరు చెప్పండి, ఈ లెక్క సరైనదేనా? ఈ రుణాల్లో చాలా వాటికి సొమ్ము ఇచ్చింది ఖజానా అధీనంలోని ఫెడరల్ ఫైనాన్సింగ్ బ్యాంకు. ఆ సొమ్ము కోసం ఖజానా తాను బాండ్ల మీద వడ్డీ కడుతుంది. వచ్చిన వడ్డీలోంచి కట్టిన వడ్డీ తీయకుండా లాభమనడం కుదరదు. ఇంకో వైపు, నష్టాలకు పక్కన పెట్టిన సొమ్ముతో పోలిస్తే పోయినది చాలా తక్కువ అన్నదీ నిజమే. 2012లో స్వతంత్ర పరిశీలకుడిగా హెర్బ్ అలిసన్ అంచనా వేసిన నష్టం 270 కోట్లు. కనుక నేను చెప్పేది, ఖజానా కొల్లగొట్టారనడమూ తప్పే, ఖజానా నిండిందనడమూ తప్పే.

లాభం మాటకు వస్తే టెస్లా సంగతి చెప్పాలి. అది వాహన తయారీకి నేరుగా ఇచ్చిన ప్రభుత్వ రుణం, ఖచ్చితంగా చెప్పాలంటే హామీ కాదు. కార్యాలయం మాత్రం అదే. 2010 జనవరిలో 46.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2013 మేలో, గడువుకు తొమ్మిదేళ్ల ముందే, మొత్తం తీర్చేశారు. ఆ రుణపత్రంలో, గడువుకు ముందు తీర్చకపోతే తక్కువ ధరకు షేర్లు కొనుక్కునే హక్కు ప్రభుత్వానికి ఉండేది. ముందే తీర్చడంతో ఆ హక్కు పోయింది. సోలిండ్రా మునిగితే 50 కోట్లకు పైగా భారం ప్రజలది. టెస్లా ఎగిరితే ప్రజలకు అసలు, వడ్డీ మాత్రమే. షూరిటీ పెట్టినవాడికి నష్టంలోనే వాటా ఉంటుంది, లాభంలో ఉండదు. ఈ ఏర్పాటు మీకు న్యాయంగా కనిపిస్తోందా? నాకు కనిపించదు.

మరో రకం విమర్శ కూడా ఉంది, క్లుప్తంగా చెబుతాను. ఒరెగాన్‌లోని షెపర్డ్స్ ఫ్లాట్ పవన విద్యుత్ కేంద్రం, 845 మెగావాట్లు, 130 కోట్ల డాలర్ల రుణం. గాలిమర అప్పటికే పాతబడ్డ పని. యజమాని సొంత పెట్టుబడి పది శాతం ప్రాంతంలోనే ఉందని, హామీ లేకపోయినా బహుశా ఇది కట్టేవారేనని 2010 అక్టోబరులో ఒబామాకు ఆయన సలహాదారులే లేఖ రాశారు. ఎలాగూ జరిగేదానికి సంతకం పెట్టడం సురక్షితమే. ఆ సంతకం ఎవరికి అవసరమైందన్నదే ప్రశ్న.

ఇక అన్నింటికంటే పెద్ద సంతకం జార్జియాలోని వోగ్ట్‌ల్ అణు కేంద్రం మూడు, నాలుగు యూనిట్లది. మొత్తం 1,200 కోట్ల డాలర్లు. రియాక్టర్లు సరఫరా చేసే వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో దివాలాకు పోయింది. అదే నమూనాలో సౌత్ కరోలినాలో కడుతున్న వీసీ సమ్మర్ రియాక్టర్లను అదే జులైలో సగంలో వదిలేశారు. వోగ్ట్‌ల్ మాత్రం ఆగలేదు. మూడో యూనిట్ 2023 జులైలో, నాలుగోది 2024 ఏప్రిల్‌లో నడిచాయి. వ్యయం 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఖజానాకు నష్టం రాలేదు, నిజమే. ఎందుకు రాలేదు? ఇక్కడ అప్పు కింద ఉన్న కాగితం జార్జియా వినియోగదారుల కరెంటు బిల్లు. అక్కడి చట్టం ప్రకారం 2011 నుంచే, అంటే కేంద్రం నడవడానికి పన్నెండేళ్ల ముందు నుంచే, ఫైనాన్సింగ్ ఖర్చును బిల్లుల్లో వసూలు చేశారు. హామీ లెక్కలో నష్టం సున్నా. సభలో విద్యుత్ శాఖలో పనిచేసినవారున్నారు. అంచనాకు మించిన ఖర్చును తర్వాతి బిల్లుల్లో కలిపే ట్రూ అప్ ఛార్జీల మీద జనం ఏమంటారో మీకు నేను చెప్పాలా?

2011 తర్వాత పదేళ్లు ఇంధన శాఖలోని ఆ రుణ కార్యాలయం దాదాపు నిద్రపోయింది. 2021లో దాని అధిపతిగా జిగర్ షా వచ్చి లేపారు. 2022 ఆగస్టులో బైడెన్ తెచ్చిన చట్టంతో దాని రుణ సామర్థ్యం 40 వేల కోట్ల డాలర్ల దాకా పెరిగింది. 2025లో ప్రభుత్వం మారింది, గాలి మళ్లింది. మిడ్‌వెస్ట్ నుంచి తూర్పుకు పవన విద్యుత్తును తెచ్చే గ్రెయిన్ బెల్ట్ ఎక్స్‌ప్రెస్ లైనుకు 2024 నవంబరులో షరతులతో ఒప్పుకున్న 490 కోట్ల హామీని 2025 జులైలో రద్దు చేశారు. గమనించండి, ఖరారైన రుణం వేరు, షరతులతో ఒప్పుకోవడం వేరు. మొదటిదానిని ఏ ప్రభుత్వమైనా గౌరవించక తప్పదు. రెండోది కొత్త ప్రభుత్వం వచ్చేదాకా ఉండే మాట.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకని మీలో ఎవరైనా అనుకుంటే, ఇప్పుడు కర్నూలుకు వద్దాం.

ఓర్వకల్లు వైపు వెళ్లినవారికి ఆ వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు తెలుసు. 2015 నవంబరు వేలంలో అందులో 500 మెగావాట్లను యూనిట్ 4 రూపాయల 63 పైసలకు దక్కించుకున్నది సన్‌ఎడిసన్ అనే అమెరికా కంపెనీ. 2016 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషను వేసింది. యజమానే మునిగాడు. మరి ప్రాజెక్టు మునిగిందా? లేదు. దాని భారతీయ ఆస్తులను గ్రీన్‌కో కొన్నది, ప్లాంటు 2017లో నడిచింది. ఎందుకు కొన్నారంటే, కరెంటు కొనుగోలుకు కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ సంతకం చేసిన కాగితం ఉంది. ఎన్టీపీసీ వెనుక కేంద్రం, రాష్ట్రం, రిజర్వు బ్యాంకు కలిసి చేసుకున్న త్రైపాక్షిక ఒప్పందం ఉంది. ఎన్టీపీసీ నుంచి ఆ కరెంటు తీసుకునే రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే డిస్కం, బకాయి పెడితే రిజర్వు బ్యాంకులోని రాష్ట్రం ఖాతాలోంచి మినహాయించే వీలు దానిలో ఉంది. మనం దీన్ని రుణ హామీ అని పిలవం. కానీ అప్పిచ్చే బ్యాంకు చూసేది దీనినే.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు చూడండి. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు తగ్గించడానికి ఒక ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీ వేసింది. ప్రభుత్వ వాదనలో పస లేదనను. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో సౌర విద్యుత్ ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది; మేము నాలుగు రూపాయల పైచిలుకు ఎందుకు కట్టాలని డిస్కం అడగడం సహజం. కానీ ఒప్పందం రాసుకున్నది 2017 ధర మీద కాదు కదా? ఆ రోజు పలకలు ఏ ధరకు కొన్నారో, ఏ వడ్డీకి అప్పు తెచ్చారో ఆ లెక్క మీద రాసుకున్నారు. హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తాత్కాలికంగా పవన విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 చెల్లించమన్నది. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ ఒప్పందంలో రాసిన ధరే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పునిచ్చింది. మధ్యలో దాదాపు మూడేళ్లు. ఆ మూడేళ్లు ఆ ప్రాజెక్టులు బ్యాంకులకు వాయిదాలు కట్టవలసిందే కదా. ఎవరిని అడిగి కట్టాలి?

అమెరికాలో ప్రభుత్వం పూచీ పడవలసి వచ్చింది కొత్త యంత్రం పని చేస్తుందా అన్న భయానికి. మన దగ్గర పలక పని చేస్తుందా అని అడిగే బ్యాంకు ఈ రోజు లేదు. డిస్కం నెలనెలా కడుతుందా అనే అడుగుతుంది. కనుక అమెరికా పథకాన్ని యథాతథంగా తెచ్చి, రాష్ట్ర ప్రభుత్వం చేత ప్రాజెక్టు రుణాలకు పూచీ ఇప్పిద్దామనే ప్రతిపాదన నాకు వింతగా ఉంటుంది. డబ్బు కట్టవలసిన డిస్కం రాష్ట్ర ప్రభుత్వానిదే, పూచీ పడేదీ రాష్ట్ర ప్రభుత్వమే అయితే, బాకీదారు తనకు తానే షూరిటీ సంతకం పెట్టుకున్నట్టు అవుతుంది. అంతకంటే, ముందుగా లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే డిస్కం కట్టవలసిన డబ్బుకు బ్యాంకు పూచీ పడే పత్రం, తెరవకపోతే కరెంటు ఇవ్వరాదని 2019 ఆగస్టు 1 నుంచి కేంద్రం అమలు చేసిన ఉత్తర్వు, ఆ తర్వాత 2022 జూన్‌లో వచ్చిన ఆలస్య చెల్లింపుల సర్‌ఛార్జి నిబంధనలు చేసిన మేలు ఎక్కువ. ఆ నిబంధనలు వచ్చేనాటికి దేశంలోని డిస్కంల పాత బకాయిలు సుమారు 1.4 లక్షల కోట్ల రూపాయలు. ఆ బకాయిలను వాయిదాల మీద తీర్చే దారి ఆ నిబంధనలతోనే ఏర్పడింది.

మరి మన దగ్గర అసలు రుణ హామీకి చోటే లేదా? ఉంది. విశాఖ దగ్గర పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్లను అంత పెద్ద ఎత్తున నడిపిన అనుభవం మన దేశంలో ఎవరికీ లేదు. కట్టగలమా అన్న ఆ భయం ఆగ్వా కాలియంటే నాటి భయం లాంటిదే, దాన్ని ప్రభుత్వం కొంతకాలం మోయడంలో తప్పు లేదు. కానీ ఆ హైడ్రోజన్‌ను, దానితో చేసే అమ్మోనియాను, ఇరవై ఏళ్ల పాటు ఈ ధరకు కొంటామని ఎవరు రాసిస్తున్నారు? ఎరువుల కర్మాగారాలా, ఉక్కు కర్మాగారాలా, విదేశీ కొనుగోలుదారులా? ఎలక్ట్రోలైజర్ల ధర రేపు పడిపోతే ఆ కాగితం నిలుస్తుందా? ఇలాంటి ప్రాజెక్టుకు సర్కారు పూచీ అడుగుతూ దస్త్రం వస్తే, యంత్రం గురించిన పేజీలు తర్వాత చదవవచ్చు, ముందు ఆ కొనుగోలు ఒప్పందం చూపించమని అడగాలి. అది ఇంకా చర్చల్లో ఉందని జవాబు వస్తే, దస్త్రాన్ని వెనక్కి పంపడమే మంచిది.

నాకిచ్చిన సమయం అయిపోయింది. లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉత్తర్వు అమలైన రోజుల్లో డిస్కంలలో పనిచేసినవారు ఈ సభలో ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మొదటి ప్రశ్న వారి నుంచే వస్తే నేనూ నేర్చుకుంటాను.